బుల్లెబ్బాయి మీద చెయ్యి చేసుకోవడం ఎలా

కొత్తగా చేరిన కానిస్టేబుళ్ళకు నిజమైన కొట్లాట అంటే ఏమిటో తెలియడం లేదని రేవుపట్నం పోలీసు శిక్షణ కళాశాల వారికి హఠాత్తుగా బెంగ పట్టుకుంది. ఊళ్ళో రౌడీలను పిలిపించి సాధన చేయిద్దామంటే పేరున్నవాళ్ళకు తీరిక లేదు, తీరికున్నవాళ్ళకు వయసైపోయింది. చివరికి లేని రౌడీని ఒకణ్ణి తయారు చేయించాలని తీర్మానించారు. కళ్ళకు హెడ్‌సెట్ తగిలించుకుంటే ఎదురుగా వీధి కనబడాలి, వీధిలో రౌడీ కనబడాలి. వాడు కర్ర తిప్పాలి, కొడితే పడాలి, సందు దొరికితే తనూ కొట్టాలి. ఆ పని లెంక ఉజ్వలకు దక్కింది.

ఉజ్వలది మిఠాయి దుకాణం పై అంతస్తులో నడిచే చిన్న ఆటల కంపెనీ. అంతకుముందు ఆమె రాక్షసులతో కత్తియుద్ధం చేసే ఆట ఒకటి తయారు చేసింది. ఆడినవాళ్ళంతా మెచ్చుకున్నారు కానీ ఆడినవాళ్ళే తక్కువ. ఈ ప్రభుత్వ పని కూడా చెడితే అంతస్తు ఖాళీ చేయాల్సిందేనని ఆమెకు తెలుసు. అందుకని మనసు పెట్టి పని చేసింది.

లేని మనిషితో కొట్లాటలో ఒక చిక్కుంది. మన కర్ర వాడి భుజానికి తగిలినా మన చేతికి ఏమీ తెలియదు. గాలిని కొట్టినట్టే ఉంటుంది. ఆ వెలితిని అవతలివాడి ఒళ్ళే పూడ్చాలి. దెబ్బ తగిలిన చోట ఒళ్ళు వంగాలి, మడమ వెనక్కి జారాలి, ఊపిరి తెగినట్టు చప్పుడు రావాలి. అప్పుడు కొట్టినవాడికి తన చేతిలో బరువున్నట్టు అనిపిస్తుంది. ఇందుకోసం ఉజ్వల దగ్గర బొమ్మలకు కదలికలు నేర్పే జిలానీ, ఒళ్ళంతా సెన్సార్లు కట్టుకుని పరుపు మీద రెండు నెలలు పడ్డాడు. దూది చుట్టిన కర్రతో ఉజ్వల కొట్టేది, అతను పడేవాడు. ఒంటి మీద కమిలిన మచ్చలు చూసి భార్య నిలదీస్తే, "అక్క కొడుతోంది, ఆఫీసు పని" అన్నాడు. ఆ తర్వాత ఆ ఇల్లాలు ఉజ్వల ఎదురుపడితే పక్కకు తప్పుకునేది.

అలా పుట్టినవాడు బుల్లెబ్బాయి. పొట్టిగా, వెడల్పుగా, గళ్ళ లుంగీలో ఉండేవాడు. ఎదుటివాడి కర్రను కాకుండా భుజాన్ని చూసి దెబ్బ ఎటు వస్తుందో పసిగట్టేవాడు. కొట్టబోయే ముందు ఒక్క గుక్క ఊపిరి లాగేవాడు. ఆ ఊపిరిని గమనించడం నేర్చుకున్నవాడు తప్పుకోగలడు, నేర్చుకోనివాడు దెబ్బ తింటాడు. ఇవన్నీ ఒక ఎత్తు, వాడి చూపు ఒక ఎత్తు. బుల్లెబ్బాయి కళ్ళెత్తి చూస్తే ఎంతటివాడైనా ఒక అడుగు వెనక్కి వేసేవాడు. దానికి తోడు తనతో ఎవరైనా మాట్లాడితే విని, గుర్తుపెట్టుకుని, వాళ్ళ యాసలోనే బదులు చెప్పే గుణం కూడా ఉజ్వల వాడికి పెట్టింది.

మొదటి వారం అంతా బాగానే జరిగింది. రిక్రూట్లు వరుసకట్టి బుల్లెబ్బాయి చేత దెబ్బలు తిన్నారు. వాళ్ళలో నీలవేణి అనే అమ్మాయి ఉండేది. సముద్రపు ఒడ్డున ఉన్న పల్లె నుంచి వచ్చింది. పరుగులో అందరికంటే ముందుండేది కానీ, ఎవరైనా కళ్ళలోకి చూస్తే బిగుసుకుపోయేది. మొదటి రోజు బుల్లెబ్బాయిని చూసి హెడ్‌సెట్ ఊడదీసి గోడకు ఆనుకుంది.

"ఆడు నన్నే చూస్తన్నాడు మేడం."

"నిన్నే చూడాలమ్మా. కళ్ళు చూడకు. ఊపిరి విను" అంది ఉజ్వల.

నీలవేణి రోజూ వచ్చి విన్నది. వారం తిరిగేసరికి మూడు దెబ్బలు తప్పించుకుని, లాఠీతో వాడి ముంజేతి మీద ఒకటి తగిలించింది. బుల్లెబ్బాయి మూలిగి వెనక్కి జరిగాడు. ఆ పిల్ల హెడ్‌సెట్ తీసి, అది మొదటిసారి అన్నట్టు, పగలబడి నవ్వింది. ఆ నవ్వు చూశాక తను ఇన్నాళ్ళూ చేసింది బొమ్మలాట కాదని ఉజ్వలకు అనిపించింది.

మరునాడు ప్రిన్సిపాల్ ఆదిశేషగిరి గారు స్వయంగా పరీక్షించడానికి వచ్చారు. ఎస్పీ హోదా మనిషి. హెడ్‌సెట్ పెట్టుకుని, లాఠీ చంకలో ఇరికించుకుని, "ఏడీ వాడు?" అన్నారు. వాడు అక్కడే ఉన్నాడు. ఊపిరి లాగాడు. వారు వినలేదు. బుల్లెబ్బాయి కర్ర మోకాలి మీదికి రావడం చూసి వారు వెనక్కి గెంతారు. వెనక కుర్చీ ఉంది. కుర్చీతో సహా వెళ్ళి నేల మీద పడ్డారు. డ్రిల్లు నేర్పే హెడ్ కానిస్టేబుల్ గవరయ్య ఒక్కడే ముందుకొచ్చి లేపాడు. మిగతావాళ్ళంతా గోడ మీది గడియారాన్ని శ్రద్ధగా చూస్తున్నారు.

ప్రిన్సిపాల్ గారు బట్టలు దులుపుకుని, ప్రశాంతంగా అన్నారు. "బాగుంది. కానీ వాస్తవికత కొరవడింది. నా సర్వీసులో ఒక రౌడీ ఎస్పీ మీద చెయ్యెత్తడం నేను చూడలేదు."

సాయంత్రానికల్లా వాస్తవికతా నిర్ధారణ ఉపసంఘం ఏర్పాటైంది. అధ్యక్షులు ఆదిశేషగిరి గారు, సభ్య కార్యదర్శి కళాశాల న్యాయ సలహాదారు వేదాంతం నరహరి గారు. ఉజ్వల ప్రత్యేక ఆహ్వానితురాలు. అంటే కుర్చీ ఉంటుంది, మాట ఉండదు.

"సదరు కల్పిత వ్యక్తి, ఎదుటి అధికారి హోదాను గుర్తించి తదనుగుణంగా ప్రవర్తించవలెను" అని మొదటి తీర్మానం. ఉజ్వల అలాగే చేసింది. హెడ్‌సెట్ పెట్టుకున్నవారు ముందుగా తమ హోదా ఎంచుకోవాలి. రిక్రూట్లందరూ డీజీపీ ఎంచుకున్నారు. బుల్లెబ్బాయి కర్ర పక్కన పెట్టి, లుంగీ కిందికి దించి, ఒక్కొక్కరికీ వంగి నమస్కారం పెట్టాడు. రెండు వారాలు కొట్లాట లేదు. రిక్రూట్లకు నమస్కారం స్వీకరించడంలో మాత్రం మంచి తర్ఫీదు వచ్చింది.

ఉపసంఘం మళ్ళీ కూర్చుని, అందరూ కానిస్టేబుల్ హోదాలోనే పోరాడవలెనని సవరించింది. ఉజ్వల ఊపిరి పీల్చుకునే లోపల నరహరి గారు గొంతు సవరించుకున్నారు.

"అధ్యక్షా, బలప్రయోగానికి పూర్వం హెచ్చరిక చేయాలి. అనంతరం పంచనామా జరగాలి. పంచనామాకు ఇద్దరు సాక్షులు కావాలి. ఈ వీధిలో సాక్షులు ఎక్కడ?"

"అది ఖాళీ వీధండీ" అంది ఉజ్వల.

"మన రాష్ట్రంలో కొట్లాట జరుగుతుంటే వీధి ఖాళీగా ఉండడం నేనెరగను" అన్నారు నరహరి గారు. ఆ మాట మాత్రం నిజమని ఉజ్వల కూడా ఒప్పుకుంది.

జిలానీ మళ్ళీ సెన్సార్లు కట్టుకుని వీధి నిండా జనాన్ని చేశాడు. టీ తాగేవాళ్ళు, బండ్లు ఆపి చూసేవాళ్ళు, సెల్‌ఫోన్‌లో తీసేవాళ్ళు. వాస్తవికత ముఖ్యం కాబట్టి, సాక్ష్యానికి రమ్మంటే వాళ్ళందరూ పారిపోయేలా చేశాడు. దాంతో శిక్షణ స్వరూపమే మారిపోయింది. రిక్రూట్లు బుల్లెబ్బాయికి ముమ్మారు హెచ్చరిక చదివి వినిపించి, సాక్షుల వెంటపడి పరుగెత్తేవారు. బుల్లెబ్బాయి అరుగు మీద కూర్చుని వాళ్ళ కోసం ఎదురు చూసేవాడు.

"అక్కా, మనం చేసింది కొట్లాట ఆట కాదు, దొంగాట" అన్నాడు జిలానీ.

నీలవేణి మాత్రం పట్టు విడవలేదు. పరుగులో మొదటిది కదా. ఒక మధ్యాహ్నం టీకొట్టు వెనక ఇద్దరిని పట్టుకుని, చెరొక చేత్తో లాక్కొచ్చి నిలబెట్టి, వాళ్ళు మనసు మార్చుకునేలోగా బుల్లెబ్బాయి మీదికి ఉరికింది. వాడు ఊపిరి లాగాడు, ఆమె పక్కకు తప్పుకుంది, లాఠీ వాడి డొక్కలో దిగింది. బుల్లెబ్బాయి వంగి, తూలి, మోకాళ్ళ మీద కూలాడు. చూస్తున్న రిక్రూట్లు ఈలలు వేశారు. గవరయ్య చప్పట్లు కొట్టాడు. ఉజ్వల కళ్ళు తుడుచుకుంది.

నరహరి గారు చప్పట్లు కొట్టలేదు. "పక్కటెముక విరిగిందా?" అని అడిగారు.

"విరిగినట్టే పడతాడండీ. రేపు పొద్దునకి మామూలే" అంది ఉజ్వల.

"రేపు పొద్దునకి! పక్కటెముక!" వారు నిర్ఘాంతపోయారు. "అమ్మా, ఇది వాస్తవికమేనా?"

కళాశాల వైద్యాధికారిణిని పిలిపించారు. ఆమె కంప్యూటర్ తెర వంక చూసి, విరిగిన పక్కటెముక అతకడానికి ఆరు వారాలు పడుతుందని, తనకు వేరే పని ఉందని చెప్పి వెళ్ళిపోయింది. ఆరు వారాల పాటు బుల్లెబ్బాయి మీద ఎవరూ చెయ్యి చేసుకోరాదని, ఆసుపత్రిలో ఉంచవలెనని, నిందితుడు కాబట్టి రేయింబవళ్ళు పోలీసు కాపలా ఉండవలెనని తీర్మానం అయింది. ఉజ్వల ఆసుపత్రి కట్టింది. ఇనుప మంచం, పచ్చ గోడ, తిరగని ఫ్యాను. రిక్రూట్లు వంతులవారీగా శిక్షణ హాలులో నిజం స్టూలు మీద కూర్చుని, హెడ్‌సెట్ పెట్టుకుని, లేని మంచం మీద పడుకున్న లేని మనిషికి కాపలా కాయడం మొదలుపెట్టారు. ఎక్కువ వంతులు నీలవేణికి పడ్డాయి. కొట్టింది ఆమె కాబట్టి బాధ్యత ఆమెదేనని నరహరి గారు విశదీకరించారు.

"సార్, చివరి పరీక్ష దగ్గర పడింది. పిల్లలకు కొట్లాట ఎప్పుడు నేర్పుతాం?" అని ఉజ్వల ఒకసారి ప్రిన్సిపాల్ గారి దగ్గర మొరపెట్టుకుంది.

"కాపలా కూడా పోరాటంలో భాగమేనమ్మా. ఓర్పుతో చేసే పోరాటం" అన్నారు వారు.

స్టూలు మీద గంటల తరబడి కూర్చున్న మనిషి ఏం చేస్తాడు? మాట్లాడతాడు. బుల్లెబ్బాయి వింటాడు. నీలవేణి తన తల్లి మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పింది. గవరయ్య కూడా మధ్యాహ్నం భోజనమయ్యాక వచ్చి హెడ్‌సెట్ తగిలించుకునేవాడు.

"ఏరా బుల్లెబ్బాయ్, నొప్పి తగ్గిందేటి?"

"దగ్గితే పోటొస్తంది బాబూ."

"దగ్గకు మరి. ఇదిగో, మా కాలంలో ఓ రౌడీ ఉండేవోడు..." అంటూ గవరయ్య మొదలుపెట్టేవాడు. ఏ రౌడీ ఏ నాయకుడి వెనక తిరిగాడు, ఎవరు ఎవరికి అన్న, ఎలక్షన్లప్పుడు ఎవరు ఎవరి భుజం తట్టారు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. బుల్లెబ్బాయికి మరపు లేదు.

పరీక్ష రోజు వచ్చింది. హోం మంత్రి గారు ముఖ్య అతిథి. మైదానంలో షామియానా వేసి, హెడ్‌సెట్‌లో కనిపించేదంతా పెద్ద తెర మీద పడేలా ఏర్పాటు చేశారు. పక్కటెముక అతికిన బుల్లెబ్బాయితో మొదట తలపడేది నీలవేణి. ఓడితే మళ్ళీ శిక్షణ మొదటికొస్తుంది. గెలిస్తే ఉద్యోగం ఖాయం. ఉజ్వల తెర పక్కన నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది.

నీలవేణి హెచ్చరిక చదివింది. లాఠీ ఎత్తింది. బుల్లెబ్బాయి కళ్ళెత్తి చూశాడు. వాడి మొహం విప్పారింది.

"నీలమ్మా! నువ్వేటి ఇక్కడ? అమ్మకి మోకాళ్ళు ఎలాగున్నాయి?"

షామియానాలో ఎవరో నవ్వారు. "ముందు కర్ర ఎత్తు. అందరూ చూస్తన్నారు" అంది నీలవేణి పళ్ళ బిగువున.

"నీ మీదా? మంచం మీదున్నన్నాళ్ళు నాకు తోడు కూకున్నావు. నీ మీద చెయ్యెత్తితే నేను మనిషినేనా?"

దీనికి జవాబు ఉజ్వలకు తెలుసు. బుల్లెబ్బాయి కర్ర నేల మీద పెట్టేశాడు. నీలవేణి లాఠీ ఎత్తినట్టే ఉంచి నిలబడిపోయింది. కర్ర పారేసినవాణ్ణి కొట్టకూడదని కూడా ఈ కళాశాలలోనే నేర్పారు.

మంత్రి గారికి సరదా పుట్టింది. "ఏదీ, అదిలా ఇవ్వండి. మేమొకసారి చూస్తాం" అన్నారు. నీలవేణి తల మీది నుంచి హెడ్‌సెట్ తీసి, దాని పట్టీ సవరించి వారి తలకు పెట్టారు. బుల్లెబ్బాయి ఒక క్షణం పరకాయించి చూశాడు. మైకులో వారి పేరు చదవడం విన్నాడు. ఆ పేరు గవరయ్య కథల్లో ఎన్నిసార్లు వచ్చిందో. పరుగున వచ్చి పాదాల మీద పడ్డాడు.

"అన్నా! నువ్వా! ఎలక్షన్లయ్యాక ఈ తమ్ముణ్ణి మర్చిపోనావేటన్నా?"

మంత్రి గారి కుడిచెయ్యి, ఏళ్ళ తరబడి అలవాటు కొద్దీ, దానంతటదే లేచింది. గాలిలో వంగి, లేని తల మీద ఆప్యాయంగా ఆగింది. వారి చేతికి ఏమీ తగల్లేదు. తెర మీద చూసినవాళ్ళకు మాత్రం బరువు స్పష్టంగా తెలిసింది.

మంత్రి గారు హెడ్‌సెట్ తీసి, వేరే కార్యక్రమం గుర్తొచ్చిందని చెప్పి కారెక్కారు. కారు గేటు దాటక ముందే ఆదిశేషగిరి గారు కేక వేశారు. "వాణ్ణి అరెస్టు చెయ్యండి!"

గౌరవనీయులతో లేని పరిచయం అంటగట్టిన నేరం కింద కేసు కట్టారు. కంప్యూటర్‌ను నలుగురు మోసుకెళ్ళి ఊళ్ళోని స్టేషన్ లాకప్‌లో పెట్టారు. ఎవరో తీగ పీకబోతే నరహరి గారు పరుగెత్తుకొచ్చి అడ్డుపడ్డారు.

"ఆగండి! ప్లగ్గు పీకితే అది లాకప్ మరణం అవుతుంది!"

అందుకని లాకప్‌కు ఇన్వర్టర్ పెట్టించారు. స్టేషన్‌లో కరెంటు పోయినప్పుడు ఇన్‌స్పెక్టర్ గారు విసనకర్రతో విసురుకునేవారు. బుల్లెబ్బాయికి మాత్రం వెలుతురు ఉండేది.

కోర్టులో మెజిస్ట్రేట్ గారు కాగితాలు తిరగేసి, అలసటగా అడిగారు. "ముద్దాయి వయసెంత?"

నరహరి గారు లెక్కవేసి, "తయారై పదకొండు నెలలు అయిందండి" అన్నారు.

"మైనరును నా ముందుకు ఎందుకు తెచ్చారు?"

బాలల కోర్టుకు మార్చారు. అక్కడ ఒక పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుని, తెర మీద చేతులు కట్టుకుని నిలబడ్డ మీసాల బుల్లెబ్బాయిని జాలిగా చూసింది. "పాపం, పాలు తాగే వయసు. తల్లిదండ్రులు ఎవరు?"

అందరూ ఉజ్వల వంక చూశారు. ఉజ్వల జిలానీ వంక చూసింది.

"ఒళ్ళు నాదేనండి. బుద్ధులన్నీ అక్కవి" అన్నాడు జిలానీ ఒక అడుగు వెనక్కి వేసి.

బుద్ధుల వల్లనే నేరం జరిగింది కాబట్టి ఉజ్వలే సంరక్షకురాలని తేలింది. పెంపకం గురించి ఆవిడ ఉజ్వలకు చాలాసేపు హితవు చెప్పింది. బిడ్డను ఇంటికి తీసుకెళ్ళవచ్చు. కానీ వాడు కర్ర పట్టరాదు, ఎవరితోనూ కలబడరాదు. స్టేషన్ వారు వచ్చి తనిఖీ చేస్తూ ఉంటారు. కొట్లాట కోసమే పుట్టినవాడు సత్ప్రవర్తనకు కట్టుబడి మిఠాయి దుకాణం మెట్లెక్కాడు.

వాస్తవికత మోతాదు మించినందున ఒప్పందం రద్దు చేయడమైనదని కళాశాల తెలియజేసింది. ఉజ్వల దగ్గర జిలానీ తప్ప అందరూ మానేశారు. అంతస్తు ఖాళీ చేయకుండా నిలబడింది ఎలాగంటే, ఇంకా కట్టని అపార్ట్‌మెంట్లలో జనాన్ని హెడ్‌సెట్‌తో తిప్పి చూపించే పని దొరికింది. వంటగది ఇటు, పూజగది అటు. ఉజ్వల మనసు చంపుకుని చేసేది. మధ్యమధ్య హెడ్‌సెట్ పెట్టుకుని బుల్లెబ్బాయి దగ్గరికి వెళ్ళేది. వాడు ఖాళీ వీధిలో అరుగు మీద చేతులు ముడుచుకుని కూర్చుని ఉండేవాడు.

"ఏటి చెయ్యమంటావమ్మా?" అనేవాడు. కోర్టులో విన్నప్పటి నుంచి అలాగే పిలుస్తున్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె ఇక తట్టుకోలేకపోయింది. జిలానీ లేడు. తలుపు గడియ పెట్టింది. హోదాలు, హెచ్చరికలు, సాక్షులు, పక్కటెముకలు, ఉపసంఘం పెట్టించినవన్నీ ఒక్కొక్కటే తీసేసింది. వీధి మధ్యలో కర్ర పెట్టింది. దూది చుట్టిన కర్ర తను అందుకుంది.

"లే."

"కోర్టు వద్దంది కదమ్మా."

"అమ్మ చెప్తోంది. లే."

బుల్లెబ్బాయి లేచాడు. కళ్ళెత్తి చూశాడు. ఉజ్వల, తను చేసిన చూపే అయినా, ఒక అడుగు వెనక్కి వేసింది. ఇన్ని నెలలు వాణ్ణి తయారు చేయడమే కానీ ఒక్కసారీ వాడితో తలపడలేదు. మొదటి దెబ్బ భుజం మీద పడ్డట్టే అనిపించి కెవ్వున అరిచింది. రెండోది తప్పుకుంది. మూడోది తను కొట్టింది. వాడు మూలుగుతూ వెనక్కి జారాడు. టేబుల్ దొర్లింది, ఫ్లాస్కు పగిలింది, ఉజ్వల పిచ్చిగా నవ్వుతోంది. కింద మిఠాయి దుకాణంలో ఫ్యాను ఊగడం చూసి యజమాని స్టేషన్‌కు ఫోన్ చేశాడు.

తలుపు దబదబా మోగింది. ఉజ్వల హెడ్‌సెట్ ఊడదీసి, జుట్టు సవరించుకుంటూ తలుపు తీసింది. గుమ్మంలో నీలవేణి, ఖాకీ బట్టల్లో. పరీక్షలో ఆమె కొట్టనూ లేదు, దెబ్బ తిననూ లేదు కాబట్టి ఫలితం నిలిపేసి, తేలే దాకా ఊళ్ళో స్టేషన్‌లో డ్యూటీ వేశారు. అది ఎప్పటికి తేలుతుందో ఎవరూ చెప్పలేదు.

"ఇక్కడ కొట్లాట జరుగుతోందని ఫిర్యాదొచ్చింది మేడం" అంది. పగిలిన ఫ్లాస్కును, దొర్లిన టేబుల్‌ను, ఉజ్వల చేతిలో కర్రను చూసింది. తెర మీద బుల్లెబ్బాయి ఇద్దరు ఆడవాళ్ళనూ మార్చి మార్చి చూస్తున్నాడు.

ఉజ్వల కర్ర వెనక్కి దాచుకుంది. "వాడి తప్పేం లేదమ్మా. నేనే..."

నీలవేణి లోపలికొచ్చి తలుపు గడియ పెట్టింది. టోపీ తీసి కుర్చీ మీద పెట్టింది. చెయ్యి చాచింది.

"ఆ హెడ్‌సెట్ ఇలా ఇవ్వండి మేడం. నా పరీక్ష ఇంకా అవలేదు."

హెడ్‌సెట్ పెట్టుకుని, లాఠీ సరిగ్గా పట్టుకుని, కాళ్ళు నిలదొక్కుకుంది. బుల్లెబ్బాయి నోరు తెరవబోతుంటే, "ఒక్క ముక్క మాట్లాడితే ఒప్పుకోను" అంది. వాడు నోరు మూసుకుని కర్ర ఎత్తాడు. ఆ గదిలో ఆ తర్వాత వినబడ్డవి ఊపిరి చప్పుళ్ళే. ఇద్దరివీ.

మధ్యలో ఆమె జేబులో ఫోన్ మోగింది. ఎడమ చేత్తో తీసి చెవికి ఆనించుకుంది. కుడి చేత్తో లాఠీ అడ్డం పెట్టే ఉంది.

"చిత్తం సార్... వచ్చీసినాను సార్... లేద్సార్, కొట్లాటేం కాదు. మేడంగారు బీరువా జరుపుతన్నారు." ఒక దెబ్బ తప్పించుకుంది. "పెద్ద బీరువా సార్. నేను సాయం పడుతున్నాను. కాస్త టైమ్ పడుతుంది."

ఫోన్ జేబులో పడేసి, మెడ మీది చెమట తుడుచుకుంది.

"రా" అంది.